నెలలు నిండని ఊపిరికి స్టెరాయిడ్ సూది

నెలలు నిండకుండా పుట్టే బిడ్డకు మొదటి గండం ఊపిరితిత్తులతోనే. గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్‌ఫ్యాక్టెంట్ అప్పటికి చాలినంత తయారై ఉండదు. కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ బీటామెథాసోన్ (12 మి.గ్రా. చొప్పున 24 గంటల తేడాతో 2 డోసులు) లేదా డెక్సామెథాసోన్ (6 మి.గ్రా. చొప్పున 12 గంటలకొకటి, 4 డోసులు) మాయ దాటి వెళ్లి, బిడ్డ ఊపిరితిత్తుల్లో సర్‌ఫ్యాక్టెంట్‌ను తయారుచేసే టైప్-2 కణాలను తొందరపెడుతుంది. మరి ఇంకో స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ ఎందుకు వాడరు? మాయలోని ఎంజైమ్ దాన్ని చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. ఈ సూదితో బిడ్డకు మెదడులో రక్తస్రావం, పేగు కుళ్లే జబ్బు ముప్పు కూడా తగ్గుతుంది. కోర్సులు పదేపదే ఇస్తే మాత్రం బిడ్డ బరువు తగ్గొచ్చు.

న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహం లిగిన్స్ 1969లో గొర్రెపిల్లల్లో ఊపిరితిత్తులపై స్టెరాయిడ్ ప్రభావాన్ని గమనించారు. 1972లో రాస్ హౌవీతో కలిసి గర్భిణులపై జరిపిన ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. వైద్య ప్రయోగాల ఫలితాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ లోగోలోని అడ్డగీతలు ఈ చికిత్స ప్రయోగాల ఫలితాలే.