బెల్టు మీద అంకె

సత్తెనపల్లి పల్నాడు జిల్లాలో ఉంది. 2022కు ముందు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ చుట్టుపక్కల పత్తి, మిరప బాగా పండుతాయి. ఎండాకాలం వస్తే ఆడవాళ్ళు మిరపకాయలు ఎండబెడతారు. తొడిమలు తీస్తారు. ఏడాదికి సరిపడా కారం ఆడిస్తారు.

అక్కడ ఒక ఇంట్లో కారం మర ఉంది. అత్తాకోడళ్ళు దాన్ని నడుపుతారు. అత్త చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

ఒకరోజు మర కీచుమంది. మోటారు జోరుగా తిరుగుతోంది. మర మాత్రం నెమ్మదిగా తిరుగుతోంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"పిన్నీ, బెల్టుకు కాస్త సబ్బు రుద్దండి. నా కాయలు ఆడించి పంపండి" అంది వరసలో ఉన్న ఒకామె.

బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన జాలీ ఊడదీసి ఉంది. కోడలు సబ్బు తెచ్చి వంగింది. కొంగు జారింది.

"ఆగమ్మాయ్!" అత్త కేక వేసింది. వెంటనే మర ఆపేసింది. "తిరిగే బెల్టు కొంగు పట్టిందంటే మనిషినే లాగేస్తుంది. పోయిన చెయ్యి మళ్ళీ వస్తుందా?"

కోడలు గుండె దడదడలాడింది.

అత్త మెయిన్ స్విచ్చి ఆపింది. పొడి చేత్తో మూడు ఫ్యూజులూ పీకి కొంగున ముడి వేసుకుంది. కొంగు నడుముకు గట్టిగా చుట్టి దోపుకుంది. "ఇవి నా దగ్గరుంటే ఎవరూ మర వెయ్యలేరు" అంది.

రెండు బెల్టుల్లో ఒకటి బాగా అరిగింది. పక్కలు నున్నగా మెరుస్తున్నాయి. లోపల పగుళ్ళు ఉన్నాయి. బెల్టు తన పక్కలతోనే పుల్లీ గాడిని పట్టుకుంటుంది. పక్కలు అరిగితే పట్టు పోతుంది, జారుతుంది. సబ్బు రాస్తే చప్పుడు తగ్గవచ్చు. పట్టు మాత్రం రాదు. నూనె రాస్తే రబ్బరు పాడైపోతుంది.

పోయినేడు ఒక కుర్రాణ్ణి కొట్టుకు పంపారు. "మర బెల్టు" అని మాత్రమే చెప్పారు. వాడు పొట్టి బెల్టు తెచ్చాడు. మళ్ళీ వెళ్ళి వచ్చేసరికి పూట గడిచింది. ఆ పూట కూలి డబ్బులు పోయాయి.

ఈసారి అత్త పాత బెల్టును గుడ్డతో తుడిచింది. దాని మీద ఒక ఇంగ్లీషు అక్షరం ఉంది. అది ఆమెకు రాదు. చూసి అలాగే నోటుబుక్కులో గీసింది. పక్కన 62 అని ఉంది. అది ఆమెకు వచ్చు!

ఆ అక్షరం 'బి'. అది బెల్టు వెడల్పును చెబుతుంది. 62 అంటే లోపలి పొడవు 62 అంగుళాలు.

"ఒకటే కదత్తయ్యా పోయింది? రెండు కొనడం ఎందుకు?" అంది కోడలు.

"పాతది వదులు, కొత్తది బిగువు. బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. అదీ తొందరగా పోతుంది. కొంటే జతే కొనాలి."

కొత్త బెల్టులు వచ్చాయి. ఇద్దరూ ఇలా మార్చారు:

1. మోటారు కింది బోల్టులు వదులు చేశారు. మోటారును మర వైపు జరిపారు. పాత బెల్టులు తీశారు.
2. పుల్లీ గాడుల్లోని కారం దుమ్ము పొడిగుడ్డతో తుడిచారు.
3. కొత్త బెల్టులు చేత్తోనే ఎక్కించారు. స్క్రూడ్రైవరుతో తన్ని ఎక్కించలేదు. అలా చేస్తే బెల్టు లోపలి దారాలు తెగుతాయి.
4. మోటారును వెనక్కి లాగారు. దారం పట్టి, రెండు పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయా అని చూశారు. బోల్టులు బిగించారు.
5. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కారు. పుల్లీల మధ్య అర మీటరు ఉంటే సుమారు 8 మిల్లీమీటర్లు దిగాలి. అంటే చిటికెన వేలి మందం కన్నా కాస్త తక్కువ.
6. జాలీ మళ్ళీ బిగించారు. ఆ తర్వాతే అత్త కొంగు ముడి విప్పింది. ఫ్యూజులు పెట్టింది.

మర చక్కగా తిరిగింది. కొత్త బెల్టు కొన్ని గంటలు తిరిగాక కాస్త సాగుతుంది. అందుకే సాయంత్రం మర ఆపి, ఫ్యూజులు పీకి, మళ్ళీ బిగువు చూశారు.

కారు ఇంజనులోనూ బెల్టు ఉంటుంది. దానితోనే బ్యాటరీకి చార్జింగు అందుతుంది. చాలా కార్లలో ఇంజనును చల్లబరిచే నీళ్ళ పంపు కూడా దానితోనే తిరుగుతుంది. అక్కడా అంతే. ఇంజను ఆపాకే చెయ్యి పెట్టాలి. నంబరు చూసే బెల్టు కొనాలి.

ఆ రాత్రి కోడలు నోటుబుక్కు తీసింది. "అత్తయ్యా, ఆ అక్షరం నేను నేర్పుతాను, రండి" అంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. అత్త ఫ్యూజులు కొంగున ఎందుకు ముడి వేసుకుంది?
2. మీ ఊరి మర బెల్టుకు జాలీ ఉందా? లేకపోతే ఎవరితో మాట్లాడాలి?
3. మీ ఇంట్లో ఏయే వస్తువుల మీద అంకెలు ఉన్నాయి? చూసి రాయండి.