కాలేయానికి పడిన మచ్చ మానుతుందా?



మన పినపాక వైపు ఎవరి కళ్ళు పచ్చబడినా ముందు గుర్తొచ్చేది పసరు మందు. పరగడుపున నేల ఉసిరి పసరు, ఉప్పు లేని పథ్యం, కొందరికి మణికట్టు మీద వాత. నాకు ఆరో తరగతిలో పెట్టిన వాత మచ్చ ఇంకా ఉంది. కామెర్లు తగ్గాయి, నిజమే. కానీ కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం వాతకు వచ్చింది!

మా చిన్నాయనకూ అలాగే తగ్గిందనుకున్నాం. ఆయనది హెపటైటిస్-బి. కళ్ళు తెల్లబడ్డాయి గానీ వైరస్ లోపలే ఉండిపోయింది. ఏళ్ళ తర్వాత పొట్టలో నీరు చేరాకే తెలిసింది.

కాలేయంలో కొంత భాగం కోసి తీసేసినా మళ్ళీ పెరుగుతుంది. అయితే వైరస్, సారా, కొవ్వు ఏళ్ళ తరబడి దెబ్బ మీద దెబ్బ కొడితే అందులోని నక్షత్రాకార కణాలు కొల్లాజెన్ అనే నారను పేరుస్తాయి. ఇదే ఫైబ్రోసిస్. ముదిరితే సిర్రోసిస్. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఈ మచ్చ ఇక పోదని ఒకప్పుడు అనుకునేవారు. కారణాన్ని ఆపితే చాలామందిలో వెనక్కి తగ్గుతుందని ఇప్పుడు రుజువైంది. టెనోఫోవిర్ ఐదేళ్ళు వాడిన హెపటైటిస్-బి రోగుల్లో సిర్రోసిస్ కూడా తగ్గినట్లు 2013లో వెలువడిన పరిశోధన చూపింది. హెపటైటిస్-సి అయితే సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 90 మందికి పైగా నయమవుతుంది. కొవ్వు వల్ల పడే మచ్చకు రెస్మెటిరోమ్ అనే మందును 2024లో అమెరికా అనుమతించింది. పూర్తిగా చెడితే కాలేయ మార్పిడే.

మరి నేల ఉసిరి? హెపటైటిస్-బిపై అది పనిచేస్తుందని 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించారు. తర్వాతి పరీక్షల్లో అది నిలబడలేదు.

హెపటైటిస్-బికి టీకా ఉంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, వరప్రసాద్ రెడ్డి గారి ఆధ్వర్యంలో, దాన్ని మన దేశంలోనే తయారుచేసి ధర బాగా దించింది. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు ఉచితంగా వేస్తారు.

మా రోజుల్లో క్షవరం నాడు ఒకే బ్లేడు ఆరుగురికి తిరిగేది. ఈ వైరస్ రక్తం ద్వారా అంటుకుంటుంది. అలా పంచుకున్న పాత మిత్రులు ఒక్కసారి హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించుకోండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష, మందులు ఉచితం. నేను చేయించుకున్నాను.