ఇష్టలింగము – స్ఫటికాది శిలలు

దీక్షాసమయమున గురువు శిష్యునకు అనుగ్రహించు ఇష్టలింగము ఏ ద్రవ్యముతో నిర్మింపబడవలెను? ఈ ప్రశ్న ప్రాచీనమైనదే. అయినను స్ఫటికలింగములు, పాదరసలింగములు, రంగురాళ్లు అంగళ్లలో విరివిగా అమ్ముడగుచున్న నేటి కాలమున గృహస్థులకు ఇది మరల ఎదురగుచున్నది. గురుదత్తమైన నల్లని లింగమును పెట్టెలో నుంచి, వెలపెట్టి కొన్న స్ఫటికలింగమును అర్చించు ఇండ్లు లేకపోలేదు.

లింగపురాణమున విష్ణువు ఇంద్రనీలలింగమును, ఇంద్రుడు పద్మరాగలింగమును, కుబేరుడు సువర్ణలింగమును పూజించినట్లు గలదు. అది దేవతల మాట. వీరశైవులకు ప్రమాణమైన సిద్ధాంతశిఖామణి దీక్షాప్రకరణమున స్ఫటికము, శిల, చంద్రకాంతము, బాణము, సూర్యకాంతము అను వానిలో ఏదేని ఒకదానిని గ్రహింపుమని విధించినది. కావున స్ఫటికము నిషిద్ధము కాదు. అయితే సామాన్యశిలయు స్ఫటికమును ఒకే వరుసలో చెప్పబడుట గమనింపదగినది. శిష్యుని శక్తిని బట్టి ద్రవ్యము మారవచ్చును గాని, లింగమునకు పూజార్హత గురుసంస్కారము వలననే సిద్ధించును. సంస్కారము లేని స్ఫటికము ఎంత నిర్మలమైనను రాయియే.

సాధారణముగా ఇష్టలింగమునకు నల్లని పూత ఉండును. లోని పంచసూత్రలింగమును కాపాడుట దీని ప్రథమప్రయోజనము. రెండవది సాధనకు సంబంధించినది. సాధకుడు లింగమును వామహస్తమున నుంచుకొని దృష్టి నిలుపును. దీపకాంతి స్ఫటికము గుండా దాటిపోవును. నున్నని నల్లని పూతపై అదే కాంతి చిన్న బిందువై నిలుచును. చూపు పట్టుకొనుటకు ఆ బిందువే ఆధారము. ధ్యానమునకు వెల తక్కువ వస్తువే ఎక్కువ అనుకూలమగుట ఇచట విశేషము.

బసవేశ్వరుడు బిజ్జలుని భాండారమును నిర్వహించినవాడు. రత్నముల విలువ ఆయనకు తెలియనిది కాదు. అట్టివాడు ఒక సుప్రసిద్ధ వచనమున ముత్యమును, మాణిక్యమును, స్ఫటికమును దేనికి ఉపమానములుగా గ్రహించినాడు? మనుష్యుని వాక్కునకు. రత్నమును ధరింపుమనలేదు, మాట రత్నమువలె నుండవలెననినాడు. అష్టావరణములను పరిశీలించినను ఇదియే కనబడును. విభూతి గోమయము నుండి, రుద్రాక్ష చెట్టు నుండి, పాదోదకము నీటి నుండి లభించునవి. నిరుపేదకు అందని వస్తువు వానిలో ఒక్కటియు లేదు. గ్రహశాంతికని ఉంగరమున రాయి పొదిగించుకొను లింగధారి, తన కంఠమున నున్నదానిపై విశ్వాసము చాలదని చెప్పకయే చెప్పుచున్నాడు.

ఇంట స్ఫటికలింగము ఇదివరకే ఉన్నచో దానిని విసర్జింపనక్కరలేదు. కొనువారు మాత్రము గాజును స్ఫటికమని తెచ్చుకొనరాదు. గాజులో గుండ్రని గాలిబుడగలు కనిపింపవచ్చును. స్ఫటికము గాజును గీయగలదు. స్ఫటికగోళమును వెండ్రుకపై నుంచి మెల్లగా త్రిప్పి చూచినచో కొన్ని దిశలలో వెండ్రుక రెండుగా కనబడును. గోళమును ఎండ తగులు కిటికీలో నుంచరాదు. సూర్యకిరణములు ఒకచోట కేంద్రీకరించి వస్త్రము అంటుకొనవచ్చును. చలువరాతి లింగమునకు నిమ్మరసముతో అభిషేకము తగదు, పులుసునకు ఆ రాయి క్రమముగా కరగును.

పాదరసలింగము విషయమున మాత్రము ఉపేక్ష కూడదు. పాదరసము సహజముగా ద్రవము. ఇతర లోహములతో కలిపి గట్టిపరచినను దాని విషగుణము పోదు, ఆవిరియు వెలువడుచుండును. అట్టి లింగమును అభిషేకించిన పాలను, నీటిని తీర్థముగా సేవింపరాదు. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట దానిని ఉంచనే కూడదు. ఇదివరకే ఉన్నచో వేడి తగులనీయక, మూత బిగించిన గాజుపాత్రలో భద్రపరచి, గురువుల అనుమతితో పూజాస్థానము నుండి తొలగింపవలెను.