చక్రములపై గృహము: తనంతట మారు గేర్లు

ఇల్లు బండమీద కట్టవలయునని మనమందరము బాల్యమునుండి వినుచున్నాము. చక్రములమీద కట్టిన యిల్లు కూడ లోకమున కలదు. దానిని మోటారు గృహమందురు. పడకలు, వంటపొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది అన్నియు నొకే శకటమున అమర్చబడి యుండును. ఐరోపా ఖండమున ఇట్టి గృహములలో పెక్కింటికి ఫియట్ డ్యుకాటో అను బండియే ఆధారము. వీనిలో కొన్నిటికి క్లచ్ పెడలు లేదు. గేర్లు తమంతట తామే మారును. క్రొత్తగా కొన్నవారు “ఇందు నేర్చుకొనవలసిన దేమున్నది?” అని తలంతురు. ఇంటిల్లిపాదిని మోయు బండి విషయమున ఆ తలంపు ప్రమాదకరము. కావున దాని పనితీరును, నడుపు విధమును విద్యార్థులకు బోధపడునట్లు వివరింపదలచినాము.

ఇంజను తగినంత వేగముగా తిరిగినప్పుడే చాలినంత బలము నిచ్చును. నిలిచియున్న బండి చక్రములో, కదలనే కదలవు. ఈ రెంటికి పొత్తు కుదుర్చునది గేర్ల పెట్టె. క్రింది గేరున బలము హెచ్చు, వేగము తక్కువ. పై గేరున వేగము హెచ్చు, బలము తక్కువ.

రెండు విద్యుత్ పంకాల నెదురెదురుగా నుంచి ఒకదానిని తిప్పినచో, దాని గాలికి రెండవదియు తిరుగును. గాలికి బదులు నూనె నుంచినచో అదియే ద్రవసంధి. ఇంజను త్రిప్పు రెక్కలు నూనెను విసరును. ఆ నూనె ఎదుటి రెక్కలను త్రిప్పును. నడుమ మరియొక రెక్కల చక్రము తిరిగివచ్చు నూనెను సరియైన దిక్కునకు మరల్చుటచే, బండి కదలునపుడు బలము సుమారు రెండింతలగును. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కొఱకు ఇట్టి ద్రవయంత్రమునకు పేటెంటు పొందెను. 1939లో అమెరికాలో జనరల్ మోటార్సువారు ద్రవసంధిని, గ్రహచక్రములను చేర్చి హైడ్రామాటిక్ అను పెట్టెను ఓల్డ్స్‌మొబైల్ కార్లకు అమర్చిరి.

గ్రహచక్రములన నేమి? నడుమ సూర్యచక్రము, దానిచుట్టు గ్రహచక్రములు, వానిని చుట్టి లోపలివైపు పండ్లుగల వలయచక్రము ఉండును. వలయమును కదలకుండ పట్టి సూర్యచక్రమును త్రిప్పినచో, గ్రహములను మోయు చట్రము మెల్లగా, బలముగా తిరుగును. ఆ చట్రమును పట్టినచో వలయము వెనుకకు తిరుగును. దేనిని పట్టవలయునో, దేనిని విడువవలయునో నూనె ఒత్తిడియే జరుపును. కావుననే ఆ నూనెను నిర్ణీతకాలమున మార్చుట యవసరము.

ఇక చోదకుని చేతిలోని మీట. దానిపై పీ, ఆర్, ఎన్, డీ అను అక్షరము లుండును. డీ ముందునకు, ఆర్ వెనుకకు, ఎన్ తటస్థము. డీ యందుంచి బ్రేకు విడిచినంతనే బండి మెల్లగా ప్రాకును. కావున బ్రేకుపై కాలు లేక మీటను కదల్చరాదు. బండి పూర్తిగా నిలువక ఆర్ లోనికి మార్చరాదు. పీ యనగా గేర్ల పెట్టెలోని యొక చిన్న కొక్కెము పండ్లచక్రమునం దిరుకుట. వాలునేలపై బండి బరువంతయు దానిపై మోపరాదు. కాలిబ్రేకు నొక్కియుంచి, ఎన్ లో పెట్టి, చేతిబ్రేకు లాగి, కాలిబ్రేకును మెల్లగా సడలించి బండి కుదురుకొన్న పిదప పీ లోనికి మార్చుట మేలు.

అయితే క్లచ్ పెడలు లేని బండ్లన్నియు నొక్కటి కావు. డ్యుకాటోలో తొమ్మిది గేర్ల ద్రవసంధి పెట్టె 2019లో ప్రవేశపెట్టబడినది. అంతకు పూర్వపు కంఫర్ట్‌మాటిక్ సాధారణ గేర్ల పెట్టెయే. క్లచ్‌ను యంత్రము నొక్కును. అట్టిదానిని ఎగువదారిలో యాక్సిలరేటరుతో నిలిపియుంచినచో క్లచ్ అరిగి మాడిపోవును; బ్రేకుతోనే నిలుపవలయును. ఇట్టివానిలో కొన్నిటికి పీ స్థానమే యుండదు. కావున కొన్ననాడే తమ పెట్టె ఏ జాతిదో తెలిసికొనవలయును.

అన్నిటికన్న ముఖ్యము దిగువదారి. ఇటలీలోని స్టెల్వియో కనుమ 2757 మీటర్ల ఎత్తున నున్నది. ప్రాతో వైపున 48 మలుపులు కలవు. 3500 కిలోగ్రాముల గృహము 1000 మీటర్లు దిగినచో వెలువడు శక్తి సుమారు 34 మెగాజౌళ్లు. దాదాపు నూరు లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి మరుగుదాక కాచుటకది చాలును! ఆ వేడి నంతయు బ్రేకులే భరింపవలసిన, అవి పట్టు తప్పును. కావున దిగుటకు ముందే మీటను చేతిమార్పునకు త్రిప్పి క్రింది గేరునకు దింపవలయును. అప్పుడు ఇంజనే బండిని వెనుకకు పట్టును. బ్రేకును అప్పుడప్పుడు గట్టిగా వేసి విడువవచ్చును. పల్లమున ఎన్ లో పెట్టి జారుట మిక్కిలి అపాయము.

బయలుదేరుటకు ముందు వంటవాయువు సీసా మూత బిగించితిమా, మెట్టు లోనికి మడిచితిమా, పైకప్పు కిటికీలు, అలమారల తలుపులు మూసితిమా యని చూడవలయును. బండి యెత్తును కాగితముపై వ్రాసి చోదకుని యెదుట అంటించినచో తక్కువ యెత్తు వంతెనల యొద్ద మేలు చేయును.

గేర్లు తమంతట మారునుగాని, ముందున్న పల్లమును అవి ముందుగా చూడలేవు. ఆ పని చోదకుని కన్నులకును, వివేకమునకును విడువబడినది. విద్యార్థులారా, ఏ యంత్రమును చేపట్టినను, అది మనకొఱకు చేయు పనులతోబాటు చేయని పనులను గూడ మొదటనే తెలిసికొనుడు.