ఉప్పెన లెక్క

హైదరాబాదు నగరానికి సముద్రం లేదు. సమీప తీరమైనా రెండువందల యాభై కిలోమీటర్లకు పైబడిన దూరాన ఉన్నది. అయినను బంగాళాఖాతంలో తుపాను పుట్టినప్పుడు ఏ తీరాన నీరు ఎంత ఎత్తున లేస్తుందో లెక్కకట్టేది ఈ నగరమే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో మాదాపురం కొండరాళ్ళ నడుమ హైటెక్ సిటీ వెలసింది. మరుసటి ఏడు, 1999లో, భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఏర్పడింది. ఇన్‌కాయిస్ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ సంస్థ నేడు హైటెక్ సిటీకి ఉత్తరాన, సైబరాబాదు పరిధిలోని ప్రగతినగర్‌లో ఉన్నది. కంప్యూటరనగానే పరదేశపు బ్యాంకుల పద్దులే స్ఫురించే ఈ ప్రాంతంలో, మన తీరగ్రామాల ప్రాణాలకు సంబంధించిన లెక్క ఒకటి జరుగుతున్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆ లెక్క ఎందుకు అవసరమైనదో దివిసీమ చెబుతుంది. 1977 నవంబరు 19న పెనుతుపాను చీరాల సమీపంలో తీరం దాటింది. కాని ఘోరవిపత్తు సంభవించినది దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమలో. సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన కడలి సొర్లగొంది, హంసలదీవి వంటి గ్రామాలను ముంచివేసింది. సుమారు పదివేలమంది అసువులు బాసారు. అంతకు నూటపదమూడేళ్ళ క్రితం, 1864 నవంబరు 1న, బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేలమంది మరణించారని అంచనా. రెండుచోట్లా జనాన్ని అధికంగా పొట్టనబెట్టుకున్నది గాలి కాదు, నీరు.

తుపాను కేంద్రంలో వాయుపీడనం తగ్గినకొద్దీ సముద్రమట్టం పైకి లేస్తుంది. ఒక మిల్లీబారు తగ్గితే నీరు రమారమి ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అరవై మిల్లీబార్లు పడిపోయినా పెరిగేది అరవై సెంటీమీటర్లే. మరి దివిసీమలో అయిదు మీటర్లెలా వచ్చింది? తక్కినదంతా గాలి నెట్టుకొచ్చిన నీరు. గాలి వేగం రెట్టింపైతే అది నీటిపై చూపే బలం సుమారు నాలుగింతలవుతుంది. సముద్రం లోతుగా ఉన్నచోట అలా నెట్టబడిన నీరు అడుగునుండి వెనుకకు మరలిపోగలదు. లోతు లేనిచోట దానికి ఆ దారి లేదు. తీరంపై పోగుపడి ఊళ్ళమీదికి పొర్లుతుంది. కృష్ణా ముఖద్వారం వద్ద నిజాంపట్నం అఖాతం లోతు తక్కువైనది. పైగా మన అర్ధగోళంలో తుపాను గాలులు అపసవ్యదిశలో తిరుగుతాయి. కనుక వాయవ్యంగా సాగి వచ్చే తుపానుకు కుడిపక్కన గాలి సముద్రం నుండి నేలకు వీస్తుంది. ఎడమపక్కన నేలనుండి సముద్రంలోకి వీస్తుంది. చీరాలకు కుడివైపున ఉండటమే దివిసీమ చేసుకున్న దౌర్భాగ్యం.

2014 అక్టోబరు 12న విశాఖపట్టణాన్ని తాకిన హుద్‌హుద్ దీనికి భిన్నమైన ఉదాహరణ. గాలి నగరాన్ని ఛిన్నాభిన్నం చేసింది. ఉప్పెన మాత్రం మీటరున్నర లోపే. అక్కడ కడలి గర్భం తీరం నుండే త్వరగా లోతెక్కుతుంది. గాలివేగం తెలిసినంతమాత్రాన నీటి ఎత్తు తెలియదన్నమాట!

అందుకే గణితం కావలసివచ్చింది. కెనడాలో స్థిరపడిన తెలుగు శాస్త్రజ్ఞుడు టి.ఎస్. మూర్తి 1984లోనే తుపాను ఉప్పెనలపై ఒక బృహద్గ్రంథం వెలువరించారు. ఇన్‌కాయిస్ వాడే నమూనా పేరు అడ్‌సర్క్. వలను పరచినట్లు, అది సముద్రాన్నంతటినీ త్రిభుజాలుగా విభజిస్తుంది. నడిసంద్రంలో ఆ త్రిభుజాలు పెద్దవి. తీరాన్ని, నదీముఖాలను సమీపించేకొద్దీ చిన్నవి. ప్రతి త్రిభుజపు కొనవద్ద నీటి లోతు, గాలి బలం, పీడనం తెలిపితే, క్షణక్షణానికి నీరు ఎటు కదలి ఎంత లేచేదీ కంప్యూటరు గుణించి చెబుతుంది. దానికి ఆటుపోట్లను కలపాలి. ఒకే ఉప్పెన పోటువేళ వస్తే ఒక తీరు, ఆటువేళ వస్తే మరొక తీరు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు హెచ్చు. 1977లో దీపావళి అమావాస్య వెళ్ళి వారం దాటింది. ఆకాశంలో ఉన్నది అర్ధచంద్రుడే. చంద్రుని తోడు అంతగా లేకుండానే సముద్రం ఆ పని చేసింది.

ఈ గణనకు ఒక బలహీనత ఉన్నది. తుపాను మార్గాన్ని భారత వాతావరణ శాఖ అంచనాకట్టి ఇస్తుంది. ఆ మార్గం యాభై కిలోమీటర్లు పక్కకు జరిగితే మునిగే గ్రామాలు మారిపోతాయి. కనుక తుపాను దగ్గరయ్యేకొద్దీ కొత్త వివరాలతో లెక్కను మరల మరల వేస్తారు. నేల ఎత్తులు తప్పుగా కొలిచి ఉంటే, నీటి ఎత్తు సరిగా తేలినా వరద హద్దు తప్పుతుంది. అర మీటరు తేడాతోనే డెల్టాలో ఒక గ్రామం మునగవచ్చు, మిట్టమీది మరొక గ్రామం నిలవవచ్చు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం వద్ద తీరం దాటింది. ఆ సందర్భంలో ఇన్‌కాయిస్ ఉప్పెన అంచనాలను అందించింది. ఒరిస్సా, ఆంధ్ర తీరాలనుండి దాదాపు పదిలక్షలమందిని ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య పదులలోనే నిలిచింది. దివిసీమలో ఇటువంటి తరలింపు జరుగలేదు. సొర్లగొందివాసులకు తుపాను రాబోతున్నదని తెలిసి ఉన్నా, సముద్రమే ఇంటిమీదికి వస్తుందని, ఎంత ఎత్తున వస్తుందని చెప్పగల లెక్క ఆనాడు వారికి అందలేదు.