సన్నాయి పట్టిన కలీషాబీ

పెళ్ళిలో తాళి కట్టే వేళ అయింది. "గట్టిమేళం! గట్టిమేళం!" అని అయ్యవారు చెయ్యి ఊపుతాడు. డోలు, సన్నాయి ఒక్కసారిగా మోగుతాయి. నగరి పక్క పెళ్ళంటే మేళం ఉండాల్సిందే.

ఆ సన్నాయి ఊదేది ఎవరు? ఎక్కువగా మగవాళ్ళే. ఆడమనిషి ఊదగా మీరు చూశారా?

అలా ఊదిన ఆమె ఉన్నారు. పేరు కలీషాబీ.

గుంటూరు, ప్రకాశం వైపు సన్నాయి ఊదే ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. గుడిలో దేవుడి సేవకు తరతరాలుగా వాళ్ళు సన్నాయి ఊదుతున్నారు. కలీషాబీ గారు అలాంటి ఇంటి బిడ్డ. మొదట తండ్రి దగ్గరే నేర్చుకున్నారు.

సన్నాయినే నాదస్వరం అని కూడా అంటారు. ఊదడం తమాషా కాదు. అది సుమారు రెండున్నర అడుగుల పొడవు ఉంటుంది. ఆచ్చా మానుతో చేస్తారు. కొసన చిన్న పీక ఉంటుంది. పైన ఏడు రంధ్రాలు. వేళ్ళతో వాటిని మూస్తూ, తెరుస్తూ ఉండాలి. ఊపిరి పొట్టలో నుంచి రావాలి. గంటల తరబడి రావాలి.

"ఆడదానికి అంత దమ్ము ఎక్కడిది?" అంటారు కొందరు. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని మైలు దూరం నడిచే మనిషికి దమ్ము లేదంట!

కలీషాబీ గారి భర్త షేక్ మహబూబ్ సుభానీ. ఆయనా సన్నాయి విద్వాంసులే. ఇద్దరూ తమిళనాడులోని శ్రీరంగం చేరారు. రంగనాథస్వామి గుడి ఉన్న ఊరు అది. అక్కడ షేక్ చినమౌలానా గారు ఉండేవారు. ఆయనా మన తెలుగువారే. 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. తంజావూరు బాణీ మీద మనసుపడి తమిళ గురువుల దగ్గర నేర్చుకున్నారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందారు. 1999లో కాలం చేశారు. ఆ పెద్దాయన భార్యాభర్తలు ఇద్దరికీ నేర్పారు.

కచేరీలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. ఇద్దరి చేతుల్లోనూ సన్నాయి ఉంటుంది.

2020లో ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. జంటగా ఇద్దరికీ ఇచ్చింది. భర్త పేరు ఒక్కటే రాసి ఊరుకోలేదు. ఆ జాబితాలో కలీషాబీ అనే పేరు కూడా ఉంది.

చెప్పండి, రాయండి

1. సన్నాయి పైన ఎన్ని రంధ్రాలు ఉంటాయి?
2. శ్రీరంగంలో కలీషాబీ గారి గురువు ఎవరు?
3. మీ ఊరికి వచ్చే మేళంలో ఆడవాళ్ళు ఉన్నారా? లేకపోతే ఎందుకు లేరు? అందరూ కలిసి మాట్లాడుకోండి.