కాలువగట్టుపై వేగము

అమలాపురము.

చిరంజీవియగు మనుమనికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉద్యోగమునకై నీవు సిద్ధపరచి, దిద్దిపెట్టుమని పంపిన ఇంగ్లీషు దరఖాస్తును శ్రద్ధగా చదివితిని. నీ చదువును, నీవు చేసిన పనులను చెప్పుకొన్న తీరు ముచ్చటగనే యున్నది గాని, పని చేతబట్టినచో ‘హెల్ ఫర్ లెదర్’ సాగిపోవుదునని నిన్ను గూర్చి నీవే వ్రాసికొన్న వాక్యము కడ నా కలము ఆగినది.

ఆ పలుకుబడి గుఱ్ఱపు రౌతులది. పందొమ్మిదవ శతాబ్ది చివర, మన దేశమందలి ఇంగ్లీషు దండుల జీవితమును కథలుగా మలచిన కిప్లింగు దానిని అచ్చు కెక్కించెను. అందలి తోలు జీను తోలని సాధారణముగ చెప్పుదురు. గుఱ్ఱమేమైనను జీనేమైనను సరేయని, కన్నుమిన్ను గానక, శక్తికొలది తరుముట దాని భావము. రైలు తప్పునేమోనని పరుగెత్తినవానిని గూర్చియు, వెనుక పోలీసులు తరుముచుండగా కారు నడిపినవానిని గూర్చియు ముచ్చట్లలో దానిని వాడుదురు. అందు కొంత మెచ్చుకోలున్నను నిందయు పొంచియుండును. ఆ రెంటిలో ఏది వినువాని చెవి కెక్కునో చెప్పువాని చేతిలో లేదు. కావున స్నేహితునికి వ్రాయు జాబులో అది ఒప్పును గాని, నిన్నెఱుగని అధికారి ముందుంచు కాగితమున ఒప్పదు. అచట గడువులోపల నీవు ముగించిన పని నొకదానిని పేర్కొనుము, చాలును.

మాట సంగతి ఇంతటితో సరి. ఆ మాట నీకు గొప్పగా తోచుటయే నన్ను కలవరపెట్టినది. మొన్న కార్తికమాసమున వచ్చినపుడు, చీకటిపడిన పిమ్మట కాలువగట్టు వెంబడి నీవు మోటారు సైకిలును తోలుకొనివచ్చిన వేగమును మీ అత్త చెప్పగా వింటిని. మన గట్లు నీవెఱుగనివి కావు: ఒక ప్రక్క నిండు కాలువ, పిట్టగోడ లేని మలుపులు, వంతెన దిగినంతనే కొబ్బరి డొక్కల రాశులు. కోతల దినములలో సగము రోడ్డున ధాన్యమారబోసి, చుట్టును రాళ్లు పేర్చి, ప్రొద్దు గ్రుంకగానే బరకము కప్పి రైతులు ఇండ్లకు పోవుదురు. పగలు పచ్చగా మెఱయు ఆ రాశి చీకటిలో రోడ్డు రంగున కలిసిపోవును. రాళ్లు అసలే కానరావు. దీపపు వెలుగు దానిపై పడి, నీ చేయి బ్రేకును నొక్కి, చక్రము నిలుచునందాక బండి ఎంత దూరము పోవునో అది వేగమును బట్టి యుండును గాని నీ ధైర్యమును బట్టి యుండదు. వేగము రెట్టింపైనచో, బ్రేకు పట్టిన పిమ్మట బండి పోవు దూరము నాలుగింతలగునని నీవు భౌతికశాస్త్రమున చదివినదే గదా!

తెగువ వలదని నేననను. 1995 జనవరి 8న పాశర్లపూడి కడ ఓఎన్జీసీ వారి బావి బ్లోఅవుటై అంటుకొన్నపుడు మీ అమ్మ చిన్నపిల్ల. ఆ మంట 65 దినములు మండెను. దానినార్ప వచ్చినవారు ఆ వేడిమి కెదురుగ పోయినవారు. వారికంటె తెగువగలవారిని నేనెఱుగను. ఐనను వారు పరుగెత్తలేదు. చుట్టుపట్ల జనమును ముందుగా తరలించి, పంపులతో ఎడతెగక నీరు కురిపించుచు, ఆ నీటి చాటున కూలిన ఇనుమును తొలగించుకొనుచు, మార్చి నడుమకు గాని ఆ బావిని అదుపులోనికి తేలేదు. అడుగు వేయుటకు ముందు ఆ అడుగు నెచట వేయవలెనో చూచుకొన్న ఆ తెగువ నీకు అబ్బవలెనని నా కోరిక.

దిద్దిన ప్రతిని ఈ జాబుతోనే పంపుచున్నాను. సంతకము చేయుటకు ముందు తేదీలు మరల సరిచూచుకొనుము. మాఘమున అంతర్వేది కల్యాణమునకు వచ్చునపుడు పగటివేళనే బయలుదేరి, రావులపాలెము చేరగానే ఫోను చేయుము. ఎంత ఆలస్యమైనను మీ అమ్మమ్మ నీ కొఱకు కనిపెట్టుకొనియే యుండును గాన, ఆలస్యమగుచున్నదని తొందరపడకుము.

ఇట్లు,
మీ తాతయ్య